నలభై నాలుగో పైపు

ఇసిదోరో యోవెరా భయస్తుడు. నెగ్రీతోస్‌లో భూమిలోంచి నూనె తీసే బావుల మీద పనిచేసేవాళ్ళెవరిని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు, అతని మంచితనం సంగతి ఆ తర్వాత. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తాడు. మళ్ళీ నాలుగడుగులు వేసి మళ్ళీ వస్తాడు. అతని భార్య ఎర్మెలిందా మొదట్లో విసుక్కుంది, తర్వాత అరిచింది, ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాక నవ్వుకోవడం నేర్చుకుంది. "మా ఆయన మాకరోనీ వండాలన్నా ఒక్కో గొట్టంలో కుందేలు తోసి చూస్తాడమ్మా" అని చేపల బజారులో చెప్పి నలుగురినీ నవ్వించేది.

కుందేలంటే పచ్చిక మేసేది కాదు. జానెడు పొడవున్న ఇనప దిమ్మ. బావిలోకి దింపే కేసింగు పైపు లోపలి బోలు ఎంతో, దానికి వెంట్రుకవాసి తక్కువ మందం. తాడు కట్టి ఈ చివర నుంచి ఆ చివరికి లాగితే ఎక్కడా ఆగకుండా రావాలి. ఆగిందంటే పైపు ఎక్కడో నొక్కుకుపోయిందన్నమాట, దాన్ని పక్కన పడెయ్యాల్సిందే. పైపులు కొలవడం, కుందేలు లాగడం, ఎన్ని దిగాయో ఎన్ని మిగిలాయో రాసుకోవడం, ఇరవై నాలుగేళ్ళుగా ఇసిదోరో పని ఇదే.

పుట్టింది పియురా నది దిగువన, పత్తి చేలల్లో. నది ఎండిపోయిన ఏడాది, ఇరవయ్యేళ్ళ వయసులో, బట్టల మూట చంకన పెట్టుకుని ఈ సముద్రపు ఇసక ఒడ్డుకి వచ్చాడు. పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు, "భూమిలోకి పోయిన పైపు మళ్ళీ మనకి మొహం చూపించదు నాయనా. దాని కడుపులో ఏముందో ఇక్కడే చూసుకో." భయస్తుడికి ఆ మాట చాలు. అందరూ ఒకసారి లాగే కుందేల్ని అతను రెండుసార్లు లాగేవాడు. అతన్ని ఆటపట్టించేవాళ్ళే తమ బావి వంతు వచ్చేసరికి "పైపులు ఇసిదోరో చూశాడా?" అని వాకబు చేసేవాళ్ళు.

ఆ బావుల మీద ఒక కట్టుబాటు ఉంది. బావిలో పడకూడని వస్తువు ఎవడి వల్ల పడిందో వాడు ఆ పూటే గేటు దాటి పోవాలి. అలా పోయినవాళ్ళని ఇసిదోరో నలుగుర్ని చూశాడు. ఒకడు రెంచి జారవిడిచాడు, ఒకడు సుత్తి. మిగతా ఇద్దరి సంగతి తలుచుకోవడం కూడా అతనికి ఇష్టం ఉండదు.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఇది కంపెనీ పెట్టింది కాదు, కుర్రాళ్ళు పెట్టుకున్నది. కేసింగు దింపే రోజు పొద్దున్నే పైపుల మీద సుద్దముక్కతో పేర్లు రాస్తారు. కాళ్ళు పడిపోయిన తల్లి పేరు, కడుపుతో ఉన్న పెళ్ళాం పేరు, అయాబాకా స్వామికి మొక్కు. భూమిలోకి పోయింది తిరిగి రాదు కాబట్టి మొక్కు కూడా చెక్కుచెదరదని నమ్మకం. రిగ్గు మేస్త్రీ ఆనానియాస్ సెర్నాకే అది చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. ఇసిదోరో మాత్రం ఏ పైపు మీదా ఎవరి పేరూ రాయలేదు. ఆ పైపుకి ఏమన్నా అయితే? అదీ అతని భయం.

పందొమ్మిది వందల ఎనభై ఏడు, ఆగస్టు నెల. ఊరి వెనక ఎండు వాగులో తవ్విన బావికి ఆ రోజు కేసింగు దిగుతోంది. నూట పద్దెనిమిది పైపులు ఒకదానికొకటి మరలు బిగించుకుంటూ దింపాలి. సాయంత్రం నాలుగింటికి సిమెంటు లారీలు వస్తాయి. పైపు అడుక్కి చేరాక దాని కడుపులోంచి సిమెంటు పాలు పంపుతారు. అవి అడుగున బయటపడి, పైపుకీ మట్టికీ మధ్య సందులో పైకి ఎగబాకి గట్టిపడతాయి. అప్పుడే బావి నిలబడుతుంది. లోపల ఏదైనా అడ్డుపడిందా, సిమెంటు పైపు కడుపులోనే గడ్డకడుతుంది. అయిదు వారాల తవ్వకం గంగలో కలిసినట్టే.

పదకొండింటికి డెబ్బై ఒకటో పైపు దిగింది. ఇసిదోరో పుస్తకంలో గీత గీసి, అలవాటు కొద్దీ మిగిలినవి లెక్కపెట్టాడు. వరసలో పేర్చినవి నూట ఇరవై ఒకటి, మూడు అదనంతో కలిపి. డెబ్బై ఒకటి పోతే యాభై ఉండాలి. యాభై ఒకటి ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాడు. ఈసారి ఒక్కో పైపునీ చేత్తో తాకుతూ. యాభై ఒకటి. ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చాడు. యాభై ఒకటే. ఇంకొకడైతే ఒకటి ఎక్కువుంటే నష్టమేముందిలే అనుకునేవాడు. ఇసిదోరో తల తిప్పి వరసకి పది గజాల దూరంలో, కంచె పక్కన, ఇసక మీద చూశాడు. అక్కడ నిన్న సాయంత్రం తను విడిగా పెట్టిన పైపు ఇప్పుడు లేదు.

నిన్న జరిగింది ఇదీ. చివరి పది పైపులు మిగిలుండగా ఒక పైపులో కుందేలు ఇరుక్కుంది. బలంగా లాగితే తాడు పుటుక్కున తెగింది. బయటికి తొయ్యడానికి పొడుగు గడ కావాలి, అదేమో అవతలి బావి దగ్గర ఉంది. మేస్త్రీ పొద్దు వాలుతోందని కేకలేస్తున్నాడు. సరే, రెండో కుందేలుతో మిగతావి కానిద్దాం, దీని సంగతి రేపు చూద్దాం అనుకున్నాడు. చెడ్డ పైపుకి ఎర్ర రంగు పూయాలి. రంగు డబ్బా మూత తీస్తే లోపల ఎండి అట్ట కట్టింది. జేబులో సుద్దముక్క ఉంది. దానితోనే పెద్ద ఇంటూ గుర్తు గీసి, పైపుని కంచె దాకా దొర్లించి ఇంటికి పోయాడు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కనాడు బద్ధకించాడు. ఆ రాత్రి తలుపు తాళం మాత్రం మూడుసార్లు లాగి చూశాడు, ఏం లాభం!

రిగ్గు అరుగు మీద పైపులు బిగించే టాంగు పట్టేది విల్మెర్ పాంతా. పాతికేళ్ళవాడు, నోరు ఊరుకోని మనిషి. తిండికి వంతులవారీగా దిగుతున్నారు కాబట్టి అప్పుడే మెట్లు దిగి వచ్చి, వేయించిన చేపా అన్నమూ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటి బాబాయ్, దెయ్యాన్ని చూసినట్టున్నావు? మీ ఆవిడ గానీ వచ్చిందా?"

"విల్మెర్, కంచె పక్కన ఒక పైపుండాలి. ఎవరు తీశారో చూశావా?"

"ఆ ఒంటరి పైపా? నేనే!" విల్మెర్ మొహం వెలిగిపోయింది. "పొద్దున్న వచ్చేసరికి వరసలో ఉన్నవాటన్నిటి మీదా మనవాళ్ళు పేర్లు గీకేశారు, ఖాళీయే లేదు. మా పిల్లకి విడిగా ఒకటి దొరికింది చూడు. శుభ్రంగా తుడిచి, యెస్సెనియా అని ఇంతింత అక్షరాలతో రాశా. దొర్లించుకొచ్చి వరసలో కలిపేశా. నలభై నాలుగోది. అది దిగేటప్పుడు దణ్ణం కూడా పెట్టుకున్నాలే."

"దాని మీద సుద్దతో గీసిన గీతలు లేవూ?"

"ఏవో ఉన్నాయి, గుడ్డతో తుడిచేశా. ఏం?"

ఇసిదోరో చెప్పాడు. విల్మెర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"చెడ్డదైతే ఎర్ర రంగు పూస్తావుగా బాబాయ్! నువ్వెప్పుడూ ఎర్ర రంగే పూస్తావుగా!"

"రంగు లేదురా."

"జారి పడుంటుందిలే. కింద చివర మరలకి తొడిగే టోపీ తీసింది నేనే, పడితే నా కాళ్ళ మీదే పడేది."

"నడిమధ్యలో ఇరుక్కుంది రా. అదెలా కనబడుతుంది నీకు? ఎత్తి లోపలికి చూశావా? వెలుతురు కనిపించిందా?"

"మొక్కు పైపులోకి ఎవడన్నా తొంగిచూస్తాడా?" అని విల్మెర్ పళ్ళెం కింద పెట్టేశాడు. గొంతు తగ్గించాడు. "బాబాయ్, చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఏడో నెలలో పుట్టిన పిల్ల, పందొమ్మిది రోజులుగా గాజుపెట్టెలో ఉంది. నా పని ఉన్నన్నాళ్ళే మాకు ఆ కంపెనీ ఆసుపత్రి. గేటు దాటిస్తే ఆ పెట్టెలోంచి కూడా తీసేస్తారు."

"బావి పోతుంది రా."

"పోతే ఎందుకు పోయిందో ఎవడికి తెలుస్తుంది? కిలోమీటరున్నర లోపలికి దిగి చూసేవాడెవడు?"

అదే ఇసిదోరోని పట్టి కుదిపింది. నిజమే, ఎవరికీ తెలియదు. మట్టి కూలిందనుకుంటారు, సిమెంటు మంచిది కాదనుకుంటారు. ఒక పైపు ఎందుకు ఎక్కువ మిగిలిందని అడిగేవాడు తను ఒక్కడే. ఆ పుస్తకం తన చేతిలోనే ఉంది.

పైన టాంగు గరగరమంది. డెబ్బై రెండు.

చెబితే ఏమవుతుంది? దింపుతున్న పైపు ఊరికే ఆపకూడదు. కదలకుండా కాసేపు నిలిస్తే చుట్టూ ఉన్న బురద పట్టేస్తుంది, ఇక పైకీ రాదు, కిందికీ పోదు. వెనక్కి లాగడం మొదలుపెడితే గోడలు కూలవచ్చు. అప్పుడు బావి పోయేది కుందేలు వల్ల కాదు, ఇసిదోరో నోటి వల్ల. పైగా కుందేలు లోపల లేకపోతే? పైపు దొర్లినప్పుడే జారి ఇసకలో కూరుకుపోయుంటే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. కంచె దగ్గరికి పరిగెత్తి ఇసక చేతులతో తవ్వాడు. ఒక పాత చేతితొడుగు, రెండు సీసా మూతలు దొరికాయి. దొర్లించిన దారంతా కాళ్ళతో చిమ్ముతూ వచ్చాడు. ఏమీ లేదు. తానెన్నడూ చూడని గాజుపెట్టె ఒకటి కళ్ళముందు కదులుతోంది. దాన్ని పక్కకి నెడితే అయిదు వారాలుగా ఎండలో మాడిన నలభైమంది కనబడుతున్నారు.

డెబ్బై మూడు.

ఇంకా నలభై అయిదు దిగితే, నాలుగింటికి సిమెంటు. ప్రతి పది పైపులకీ లోపలికి బురదనీళ్ళు పోస్తారు. ఆ ధాటికి కుందేలు ఊడి అడుక్కి పోయిందంటే మొత్తం పీకాల్సిందే. ఆలస్యమైనకొద్దీ ప్రమాదం. ఈ ఒక్క మాట తోచగానే ఇసిదోరో మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ధైర్యం వచ్చి కాదు. మాట్లాడితే కలిగే భయం కంటే ఊరుకుంటే కలిగే భయం పెద్దదైంది.

"మేస్త్రీ, కిందికి దించకండి. పైకి తీయండి."

ఆనానియాస్ సెర్నాకే పొట్టివాడు, గొంతు మాత్రం తాడిచెట్టంత. "ఏమన్నావ్?"

"నలభై నాలుగో పైపులో కుందేలుంది."

అరుగు మీద నలుగురూ చేతులాపారు. మేస్త్రీ మొహంలో రంగులు మారాయి. "ఆపకండ్రా, కదుపుతూ ఉండండి! పైకీ కిందికీ, పైకీ కిందికీ!" అని అరిచి, ఇసిదోరో చొక్కా పట్టుకున్నాడు. "నువ్వా? నువ్వేంట్రా ఈ మాట చెప్పడం? నువ్వు చూసిన పైపులో?"

"చెడ్డ పైపు అది. రంగు లేక సుద్దతో గీశాను. గుర్తు చెరిగిపోయింది, వరసలో కలిసిపోయింది. లెక్కలో ఒకటి ఎక్కువొచ్చింది, చూడండి."

"నలభై నాలుగోదని ఎలా తెలుసు?"

"తెలుసు."

"ఎలా తెలుసని అడుగుతున్నా!"

ఇసిదోరో పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడే మెట్లెక్కి వచ్చిన విల్మెర్ టాంగు పిడి గట్టిగా పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. మేస్త్రీ అతని వైపు ఒకసారి, ఇసిదోరో వైపు ఒకసారి చూశాడు. వాగులోంచి గాలి ఇసక మోసుకొచ్చి అందరి మొహాల మీదా కొట్టింది.

"కుందేలు లోపల లేకపోతే చంపేస్తా నిన్ను," అన్నాడు మేస్త్రీ. తర్వాత గొంతెత్తి, "పైకి తీయండి!" అన్నాడు.

ఒక్కో పైపూ లాగడం, మర విప్పడం, కింద ఇసక మీద పడుకోబెట్టడం. దింపేటప్పుడు మూడు నిమిషాల పని, తీసేటప్పుడు నాలుగు. ఎవరూ జోకులెయ్యలేదు. బరువు చూపే ముల్లు కాస్త ఎగిరినప్పుడల్లా మేస్త్రీ గొంతులోంచి ఒక మూలుగు వచ్చేది, గోడ పట్టుకుందేమోనని. ముల్లు మళ్ళీ దిగేది. ఇసిదోరో పైకి చూడలేక, చూడకుండా ఉండలేక, వేళ్ళతో లెక్కపెడుతూ నిలబడ్డాడు. లోపల లేకపోతే? ఊడి అడుక్కి పోయుంటే? ఉందని తేలినా లేదని తేలినా తనకి మంచి జరిగే దారి లేదు. అయినా ఉండాలనే వేడుకున్నాడు.

ఒంటిగంటకి నలభై నాలుగోది పైకి వచ్చింది. సుద్ద అక్షరాలు బురదకి ఎప్పుడో కొట్టుకుపోయాయి. పైపు గాలిలో వేలాడుతుండగా మేస్త్రీ అద్దం ముక్క తీసి, ఎండని పట్టి, కింది చివర నుంచి లోపలికి కొట్టాడు. రిగ్గు ఇనప గోపురం పైన నిలబడ్డవాడు పైచివరలోకి వంగి చూశాడు.

"ఏం కనబడుతోంది?"

"ఏమీ కనబడట్లేదు మేస్త్రీ. చీకటి. అద్దం వెలుతురు పైకి రావట్లేదు."

ఇసిదోరో ఉన్నచోటే చతికిలబడ్డాడు. ఏడ్చాడు. సిగ్గుపడకుండా, అందరి ముందూ. పైపు కిందికి దించి సుత్తితో పదిసార్లు కొట్టి గడతో పొడిస్తే, తెగిన తాడుముక్కతో సహా కుందేలు ఇసకలోకి దొర్లింది.

బావి దక్కింది. ఇక మిగిలింది కట్టుబాటు.

"సామాను తీసుకో ఇసిదోరో," అన్నాడు మేస్త్రీ, అతని వైపు చూడకుండా. "నేను పెట్టిన నియమం కాదిది."

"తెలుసు మేస్త్రీ."

"ఆ గుర్తు చెరిపిందెవరు?"

"రంగు పూసుంటే చెరిగేది కాదు."

"అది నా ప్రశ్నకి జవాబు కాదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు విల్మెర్ రెండడుగులు ముందుకొచ్చాడు. "నేనే మేస్త్రీ. మా పిల్ల పేరు రాయడానికి..."

"నోర్ముయ్!" మేస్త్రీ అరుపుకి అరుగు అదిరింది. "ఇంకా డెబ్బై అయిదు పైపులు దిగాలి. నువ్వూ పోతే టాంగు మీ నాన్న పడతాడా? గాలి హోరు, నాకేం వినబడలేదు. పట్టుకో దాన్ని!"

విల్మెర్ పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఇసిదోరో టోపీ, చెంబూ, పుస్తకం సర్ది మేస్త్రీకి అప్పగించి నీళ్ళ లారీ ఎక్కాడు. లారీ గేటు వైపు కదిలింది. ఎర్మెలిందాకి ఏమని చెప్పాలి, నలభై నాలుగేళ్ళవాణ్ణి ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు అని ఆలోచించాలనుకున్నాడు. ఆలోచన అటు పోలేదు. పైకి తీసిన ఇరవై తొమ్మిది పైపులూ టోపీలు లేకుండా, ఇసక మీద, ఈ గాలికి నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. వాటినే మళ్ళీ దింపుతారు. పోయిన గంటలు పూడ్చుకోవాలని తొందరగా దింపుతారు. వాటిలోకి ఎవరైనా చూశారా?

గేటు ఇరవై గజాలుందనగా లారీ ఆపమన్నాడు.

"ఆపితే మళ్ళీ స్టార్టవదు పెద్దాయనా, నీ దగ్గర తొయ్యడానికి బలం ఉందా?" అని డ్రైవరు సణిగాడు. ఇసిదోరో అప్పటికే దూకేశాడు.

వెనక్కి నడిచొచ్చిన మనిషిని చూసి మేస్త్రీ అరుగు మీదినుంచే చెయ్యి ఊపాడు. "నిన్ను పొమ్మన్నానా లేదా?"

"ఇంకా గేటు దాటలేదు మేస్త్రీ. తీసిన పైపుల్లో కుందేలు లాగారా ఎవరన్నా?"

ఎవరూ లాగలేదు. ఆ సంగతి మేస్త్రీ మొహమే చెప్పింది. క్రేను తాడుకి అప్పటికే ఒక పైపు కట్టేశారు.

"నిన్న చూసినవేగా అవి! నీకిక్కడ పని లేదురా, ఇంకా నీకెందుకు?"

"పని తీసేశారు, సరే. ఈ భయాన్ని ఎక్కడ దించి రమ్మంటారు?"

మేస్త్రీ ఇసక మీది పైపుల వైపు చూశాడు. తర్వాత తాడుకి కట్టిన పైపుని తిరిగి ఇసక మీదికి దింపమని సైగ చేసి, కొత్త తాడు చుట్ట ఒకటి పైనుంచి విసిరాడు. ఇసిదోరో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పైపూ చూశాడు. పిడికెడేసి ఇసక తప్ప వాటిలో ఏమీ లేదు. అయినా ఇరవై తొమ్మిదింటినీ రెండేసి సార్లు లాగాడు. అదనంగా ఉన్నవాటిలోంచి ఒకటి తీసి నలభై నాలుగో దాని బదులు పెట్టారు. దానిలో మూడుసార్లు లాగాడు. ఆ తర్వాత వరసలోనివి కూడా ఎత్తే ముందు ఒక్కోదాన్నీ ఎండకి తిప్పి చూశాడు. సిమెంటు లారీలు గేటు బయట హారన్లు కొడుతూ నిలబడ్డాయి. పొద్దు సముద్రంలోకి దిగే వేళకి నూట పద్దెనిమిదో పైపు అడుక్కి చేరింది. బురదనీళ్ళు పంపి చూస్తే ఏ అడ్డూ లేకుండా తిరిగొచ్చాయి.

గేటు దాకా మేస్త్రీ ఇసిదోరో పక్కన నడిచాడు. ఇద్దరూ ఒకే ఏడాది పనిలో చేరినవాళ్ళు. గేటు దగ్గర ఆగి, బూటు కొనతో ఇసక గీకుతూ మేస్త్రీ అన్నాడు.

"ఇరవై నాలుగేళ్ళు నిన్ను చూసి నవ్వాను. పడుకున్నాక నాకెప్పుడూ నిద్ర పట్టకపోవడమన్నది లేదు, ఎందుకో తెలుసా? నా వంతు భయం కూడా నువ్వే పడుతున్నావు కాబట్టి. రేపట్నుంచి ఆ పైపుల్లోకి ఎవడు తొంగిచూస్తాడ్రా?"

"తాడు పాతబడితే మార్పించండి," అన్నాడు ఇసిదోరో. గేటు దాటి ఊరి వైపు నడిచాడు. మేస్త్రీ అరుగు మీదికి తిరిగొచ్చి, సిమెంటు పంపమని చెప్పేముందు, ఎవరూ చూడట్లేదనుకుని, మిగిలిపోయిన మూడు పైపులూ వేలితో లెక్కపెట్టాడు. మళ్ళీ ఇంకోసారి లెక్కపెట్టాడు.